ఎవరూ ముట్టని టర్బో

నేను సైన్స్ అయ్యవారిని. గొప్ప కోసం చెప్పడం లేదు. నా తెలివితక్కువతనం ఎంత పొడవో కొలుచుకోవడానికి మీకొక కొలబద్ద కావాలి కాబట్టి ముందే చెబుతున్నాను. ఏడో తరగతి పిల్లల ముందు ఏటా కొవ్వొత్తి వెలిగించి, దాని మీద గాజుగ్లాసు బోర్లించి, అది కొడిగట్టి ఆరిపోయేదాకా ఆగి, "చూశారా, గాలి లేనిదే మంట లేదు" అని చెప్పేది నేనే. చిత్తూరులో ఇల్లు, కార్వేటినగరం దారిలో బడి. బస్సులో నిలబడి నిలబడి కాళ్లు పీకి, చివరికి ఒక పాత డీజిలు కారు కొన్నాను.

దానికి టర్బో ఉంది. ఆ సంగతి మా స్టాఫ్‌రూమ్‌లో తెలియని ప్రాణి లేదు. అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్పాను. ఇంజన్లోంచి బయటికి పోయే పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకు రెండో కొసన ఇంకో చక్రం ఉంటుంది. అది బయటి గాలిని లాగి ఇంజన్లోకి దట్టిస్తుంది. గాలి ఎక్కువైతే బలం ఎక్కువవుతుంది. ఇంత వివరంగా చెప్పాక మా లెక్కల సారు ఆవలించి, "అంత గాలి కొడతా ఉన్నా, నువ్వు మా బస్సు కంటే ఆలస్యంగానే వస్తుండావు కదప్పా" అన్నాడు. ఆయనకు సైన్స్ ఎక్కదని తేల్చేశాను.

మొదటిసారి టర్బో పోయింది తిరుమల ఘాటు రోడ్డు మీద. సగం దూరం ఎక్కేసరికి బండి కుక్కరులా ఈల వేయడం మొదలుపెట్టింది. వెనక నీలం పొగ. ఎంత తొక్కినా నడిచి ఎక్కుతున్న మనిషి వేగం దాటలేదు. వెనకసీట్లో మా అత్తగారు కళ్లు మూసుకుని గోవింద నామాలు అందుకుంది. ఆమె పక్కన మా బావమరిది. ప్రపంచంలో ఉన్న జబ్బులన్నిటికీ దిష్టి అనే ఒక్క పేరే పెట్టుకున్న మనిషి. "దిష్టి బావా" అన్నాడు. "కొన్నప్పుడే అనుకున్యా. మీ స్టాఫ్‌రూమ్ కండ్లు మంచివి కావు."

ఇంటికి ఎలాగో చేరాం. చిత్తూరు బయట ఒక మేస్త్రి ఉన్నాడని, టర్బో బండ్లకు మంచి హస్తవాసి అని మా హెడ్మాస్టరు చెప్పాడు. మా అయ్యవార్ల కార్లలో సగం అక్కడికే వెళ్లేవి. రేకుల షెడ్డు, లోపల గోడకు సిలువ బొమ్మ ఉన్న క్యాలెండరు, నా కంటే పదేళ్లు పెద్ద మనిషి. ఆదివారం షెడ్డు తీయడు, చర్చికి పోతాడు. మిగతా ఆరు రోజులూ తనొక్కడే చేసుకుంటాడు.

నేను వెళుతూనే "టర్బో పోయింది, మార్చు" అన్నాను. మేస్త్రి ఆ మాట చెవిన వేసుకోలేదు. ఇంజన్ నడుపుతూ గొట్టాలన్నిటి మీదా సబ్బు నురుగు పూసి, ఎక్కడైనా బుడగ వస్తుందేమో చూశాడు. రాలేదు. గాలిని వడగట్టే జల్లెడ డబ్బా విప్పి చూశాడు. నూనె వచ్చే సన్నగొట్టం విప్పి చూశాడు. అన్నీ అయ్యాక టర్బో మూతికున్న గొట్టం ఊడదీసి, లోపలి ఇరుసును రెండు వేళ్లతో పట్టి ఊపాడు. నన్ను కూడా పట్టి చూడమన్నాడు. వదులు పంటిలా ఊగింది.

"ఇప్పుడు అనొచ్చు సార్, టర్బో పోయిందని" అన్నాడు. "అందురూ ముందే దాన్ని తిడతారు. అది తనంతట సావదు సార్. దానికొచ్చే గాలో నూనెయో యాడో తప్పిపోయుంటాది. నువ్వు ఘాటెక్కినాక ఏం సేస్తావు?"

"బండి ఆపి కిందికి దిగుతాను."

"ఎమ్మటే ఆపేస్తావా?"

"ఆపకపోతే డీజిలు దండగ కదా."

మేస్త్రి నవ్వలేదు. ఘాటెక్కిన టర్బో నిప్పులా కాలి ఉంటుందని, ఇంజన్ ఆపిన క్షణంలో దానికి నూనె అందడం ఆగిపోతుందని, లోపల మిగిలిన నూనె మాడి ఇరుసును తినేస్తుందని చెప్పాడు. ఆపేముందు ఒక్క నిమిషం ఊరికే నడవనివ్వాలట. వేడి గురించి బోర్డు మీద బొమ్మలు గీసే నేను ఆ ఒక్క నిమిషం దగ్గర తప్పాను. నా ఎదురుగానే కొత్తది డబ్బాలోంచి తీసి బిగించాడు. పాతదాన్ని గుడ్డలో చుట్టి నా చేతికిచ్చాడు. నేను దాన్ని ఇంటికి తెచ్చి, రెండోనాడే పాత ఇనుప సామాన్లవాడికి వేశాను. తర్వాత అది చేతిలో ఉంటే ఎంత బాగుండేదో చెప్పలేను.

బండి రెక్కలు వచ్చినట్టు పోయింది. బావమరిది ఊరుకోలేదు. "కొత్త సామాను పడింది, మళ్లీ పూజ సెయ్యాల్సిందే" అన్నాడు. కాణిపాకం పోయి పూజ చేయించాం. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు తొక్కించాం, బూడిద గుమ్మడికాయ కొట్టాం. బయట అంగడిలో బావమరిది ఒక ఎర్రగుడ్డ మూట కొన్నాడు. లోపల నిమ్మకాయ, పసుపుకొమ్ము, గవ్వలు, ఇంత పటిక. అందరూ దాన్ని ముందర బంపరుకు కడతారు. మావాడి తెలివి వేరు. "దిష్టి తగిలింది బంపరుకు కాదు బావా, ఇంజనుకు. బానెట్ లోపల పెట్టాల."

బానెట్ ఎత్తాను. ఎక్కడ కట్టినా వేడికి కాలిపోయేలా ఉంది. అప్పుడు కనిపించింది, హెడ్‌లైటు వెనక నల్లటి ప్లాస్టిక్ గొట్టం, నోరు తెరుచుకుని. వేడి లేదు, కదలిక లేదు, ఎందుకు పెట్టారో కూడా తెలియని ఖాళీ బొక్క. మూటకు కొలిచి చేసినట్టు ఉంది. నా చేత్తోనే దాన్ని అందులో దోపి, దండం పెట్టుకుని, బానెట్ మూశాను.

నెల పైన హాయిగా తిరిగాం. మధ్యలో వానలు పడ్డాయి. తర్వాత బండి మెల్లగా నీరసించింది. ఎత్తు వస్తే చాలు, రొప్పుతుంది. నల్లటి పొగ. తిరుపతిలో పెళ్లికి పోతూ ఉంటే దారిలో పూర్తిగా చతికిలబడింది. పెళ్లిమండపం దగ్గర్లోనే ఒక పెద్ద గ్యారేజీ ఉంది. లోపల ఏసీ గది, కాఫీ, గాజు తలుపు. ఒక పిల్లగాడు వచ్చి కంప్యూటరు వైరు తగిలించి, గాలి ఒత్తిడి తక్కువగా ఉందని కాగితం అచ్చు తీసి ఇచ్చాడు. ఇంకొకాయన టర్బో మూతి దగ్గర గొట్టం ఊడదీసి, లోపల కారిన నూనె వేలికి రాసి చూపించాడు. "ఇది కొత్తది కాదు సార్. పాతదాన్ని కడిగి ఏసినారు. మోసపోయినారు." గాలి ఎక్కడి నుంచి రావాలో అక్కడ ఎవరూ చూడలేదు. కాగితం ఉన్నాక చూడటమెందుకు?

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ కాగితం నలక్కుండా ఫైల్లో పెట్టుకుని, మరునాడే ఈడ్చుకుంటూ షెడ్డుకు పోయి ఒంటికాలి మీద లేచాను. మేస్త్రి చేతులు తుడుచుకుని బయటికి వచ్చాడు.

"నేను ఏసినాక బానెట్ లోపల ఎవురన్నా ముట్టినారా సార్?"

"ఎవరూ ముట్టలేదు."

"బాగా గుర్తు సేసుకో. ఏమన్నా మార్చడం, కట్టడం..."

"ఎవరూ ముట్టలేదంటే నీకు అర్థం కాదా?"

ఇక్కడ ఒక మాట నిజంగా చెప్పాలి. నేను అబద్ధం ఆడాలని ఆడలేదు. ముట్టడం అంటే నాకు మనుషులు ముట్టడం. దేవుడి మూట పెట్టడం ముట్టడమెలా అవుతుంది? ఆ లెక్కలోకి అది రానే రాలేదు. మేస్త్రి మూడోసారి అడిగాడు. మూడోసారి కూడా అదే జవాబు, ఇంకాస్త గట్టిగా.

"అట్లయితే రవంత పక్కకు నిలబడు సార్, నేను సూస్తాను" అని బానెట్ మీద చెయ్యి వేయబోయాడు. "నువ్వు నా బండిని ముట్టొద్దు" అన్నాను. రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి చూశారు. నోరు పారేసుకోవడం అంటే ఏమిటో వాళ్లకు అన్ని విధాలా చూపించాను.

అంతటితో ఆగినా బాగుండేది. ఇంటికి వచ్చి ఫోనులో మా జిల్లా అయ్యవార్ల గ్రూపులో రాశాను. నాకు రాయడం వచ్చు, అదే నా దరిద్రం. శీర్షిక పెట్టి, పేరాలు విడదీసి, షెడ్డు ఎక్కడుందో గుర్తులు చెప్పి, కంప్యూటరు కాగితం ఫొటో అతికించి రాశాను. చివర "మిత్రులారా, మేలుకోండి" అని కూడా రాశాను. మెచ్చుకోలు బొటనవేళ్లు టపటపా పడ్డాయి. ఆ రాత్రి నాకు హాయిగా నిద్ర పట్టింది. మా ఆవిడ మాత్రం, "ఆయప్ప బండి తెరిసి సూస్తానంటే ఎందుకు వద్దంటివి?" అని అడిగింది. అది కూడా నేను చెవిన వేసుకోలేదు.

రెండు వారాల తర్వాత మేస్త్రి బడి గేటు దగ్గరికి వచ్చాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. షెడ్డు బట్టలు లేకుండా ఆయన్ని చూడటం నాకదే మొదటిసారి.

"అయ్యవార్ల బండ్లు ఒగటి గూడా రాలేదు సార్. వాళ్లను సూసి మిగతావాళ్లూ మానుకున్యారు. ముప్పై ఏండ్లు ఈ సేతుల్తో సంపాదిచ్చుకున్యింది పేరొక్కటే. కొత్తదే ఏసినాను. పాతది నీ సేతికే ఇచ్చినాను. నువ్వు నమ్మవు. కాణిపాకం పోదాం పద, ప్రమాణం సేస్తాను."

కాణిపాకంలో అబద్ధపు ప్రమాణం చేయడానికి మా వైపు ఎవడికీ గుండె చాలదు. ఊళ్లలో ఎన్నో తగాదాలు ఆ మాట వినగానే తెగిపోతాయి. కానీ ఈయన ఆ దేవుడి మనిషి కాదు కదా.

"మీవాళ్లు ఒప్పుకుంటారా?" అన్నాను వెటకారంగా.

"మా ఇండ్లల్లో ఒట్టు పెట్టుకోము సార్. మాటంటే మాటే. నా మాట నీకు సాలలేదు కాబట్టి నీ దేవుని దెగ్గిరికే వస్తాను."

ఆ మాటకు నేను తగ్గాలి. తగ్గలేదు. రెండో శనివారం సెలవు చూసుకుని, ఆయన్ని నా బండిలోనే ఎక్కించుకుని బయలుదేరాను. నిందపడ్డవాణ్ణి ఆ నింద మోస్తున్న బండిలోనే ఎక్కించుకుని పోవడం నాకప్పుడు గొప్ప న్యాయంగా అనిపించింది.

చిత్తూరు దాటాక చిన్న ఎత్తు వచ్చింది. బండి రొప్పింది. మేస్త్రి కిటికీ అద్దం దించి తల బయట పెట్టాడు.

"ఇంకోసారి తొక్కు సార్."

తొక్కాను.

"ఇది టర్బో పోయిన ఈల కాదు. గొంతు నొక్కినట్ల ఉండాది. బండి పక్కకు తీయి."

"ప్రమాణం ఎగ్గొడదామనా?"

"ప్రమాణం యాడికీ పోదు. నువ్వే బానెట్ ఎత్తు. నేను సెప్తాను, నువ్వే సెయ్యి. నేను ముట్టను."

చెరుకుతోట పక్కన బండి ఆపాను. ఆయన నా బండిని ముట్టనని అంత పట్టుదలగా అనడం నాకు చురుక్కుమంది. గాలి జల్లెడ డబ్బాకు బయటినుంచి వచ్చే గొట్టాన్ని ఊడదీయమన్నాడు. ఊడదీశాను. అలాగే వదిలేసి బండి తోలమన్నాడు. తోలాను. బండి ఒక్కసారి ముందుకు దూకింది. అదే ఎత్తు, అదే టర్బో, అదే నేను. ఫర్లాంగు పోయి, తిప్పుకుని వచ్చి, ఆపాను. ఈసారి నాకు తెలియకుండానే ఒక్క నిమిషం ఇంజన్ నడవనిచ్చి ఆపాను.

"ఆ గొట్టం ఇంకో కొస యాడ ఉండాదో సూడు సార్. హెడ్‌లైటు యెనక. బయటి గాలి బండికి పొయ్యే దారి అదే."

నేను చూడనవసరం లేదు. ఆ చోటు నాకు తెలుసు. వేలు పెట్టి లాగాను. మొదట ఎర్రగుడ్డ కొస వచ్చింది. వానకు తడిసి, దుమ్ము పట్టి, లోపలికి లాక్కుపోయి బిగుసుకుంది. ఇంకాస్త గట్టిగా లాగితే మూట మొత్తం ఊడి నా అరచేతిలో పడింది. నిమ్మకాయ నల్లగా ఎండిపోయింది. పసుపుకొమ్ము మాత్రం పచ్చగానే ఉంది.

మేస్త్రి నా అరచేతి మీదికి వంగి చూశాడు.

"బయటి గాలి దొరక్కపోతే టర్బో ఊరుకోదు సార్. దొరికిందాన్ని పీలుస్తాది. తన నూనె తానే పీల్సుకుండాది. తిరుపతోళ్లు సూసిన నూనె అదే." తర్వాత మెల్లగా అడిగాడు: "ఎవురూ ముట్టలేదన్యావే సార్?"

నాకు తల కొట్టేసినట్టయింది. ఇరవై ఏళ్లుగా కొవ్వొత్తి మీద గ్లాసు బోర్లించినవాణ్ణి, నా బండి మీద నేనే బోర్లించాను. పైగా ఆరిపోయిందని అగ్గిపెట్టె అమ్మినవాడి మీద పడ్డాను. సిగ్గేసింది. ఇంకా నిజం చెప్పాలంటే, ఆ సిగ్గులో కూడా ముందు వచ్చిన ఆలోచన, ఇది లెక్కల సారుకు తెలియకూడదని.

"ఇంక వెనక్కి పోదాం మేస్త్రీ. తేలిపోయింది కదా."

"నీకు తేలింది సార్. ప్రమాణమని బయల్దేరినాం. పోదాం."

ఎంత బతిమాలినా వినలేదు. కాణిపాకం చేరాక కోనేట్లో తలారా స్నానం చేసి తడిబట్టలతో దేవుడి ముందు నిలబడి, కొత్త టర్బోనే వేశానని ఒక్క ముక్కలో చెప్పి పక్కకు తప్పుకున్నాడు. తన దేవుడు కాని దేవుడి ముందు ఆయన అంత నిబ్బరంగా నిలబడ్డాడు. మా ఇంటి దేవుడి ముందు నేను తల ఎత్తలేకపోయాను. బయటికి వచ్చాక అడిగాను, నన్నేం చేయమంటావని. ఏదైనా పెద్దగా అడుగుతాడని, అడిగితే నా బరువు తగ్గుతుందని ఆశపడ్డాను.

"ఆ దినం గ్రూపులో రాసినావు కదా. అంత పొడుగ్గానే మళ్లీ రాయి సార్" అన్నాడు.

అక్కడే కూర్చుని రాశాను: "సాంకేతిక కారణాల వల్ల తలెత్తిన అపార్థం తొలగిపోయినదని సభ్యులకు తెలియజేయడమైనది." ఆయనకు చూపించాను. వేలు పెట్టుకుని నిదానంగా చదివాడు.

"దీంట్లో నువ్వు యాడ ఉండావు సార్?"

చెరిపేశాను. మళ్లీ రాశాను. గాలి గొట్టంలో మూట పెట్టింది నేనే, మూడుసార్లు అడిగినా చెప్పనిది నేనే, మేస్త్రి తప్పు ఏమీ లేదు. మొత్తం నాలుగు వరుసలొచ్చాయి. మోసం గురించి రెండు పేజీలు పారిన కలం తప్పు ఒప్పుకోవడానికి నాలుగు వరుసలకే ఎండిపోయింది. బొటనవేళ్లు రెండే పడ్డాయి. ఒకటి మా హెడ్మాస్టరుది. రెండోది లెక్కల సారుది, పక్కన నవ్వుతున్న బొమ్మతో. ఇంటికి వస్తే మా ఆవిడ మూటను చూసి, "టర్బో తినకుండా మిగిలిచ్చిందే, శానా మేలు" అంది. బావమరిదికి ఫోను చేస్తే, "సూసినావా బావా, దిష్టంతా అదే లాక్కుండాది, ఎంత నల్లగా అయిందో" అన్నాడు.

మా బడి బండ్లు మెల్లగా షెడ్డుకు తిరిగి వచ్చాయి. అంతటితో అయిపోయిందనుకున్నాను. మొన్న పదో తరగతి పరీక్షల డ్యూటీకి సత్యవేడు పోయాను. టీ అంగడి ముందు బండి నిలిపి, అలవాటుగా ఒక్క నిమిషం ఇంజన్ నడవనిచ్చి ఆపాను. పక్క బల్ల మీద కూర్చున్న పెద్దమనిషి అది గమనించాడు. ఆయనదీ డీజిలు కారేనట.

"టర్బో బండ్ల సంగతి తెలిసినోడి మాదిరి ఉండావు. ఒక మాట సెప్తా విను సార్" అన్నాడు. "చిత్తూరు బయట రేకుల షెడ్డు ఒగటి ఉండాది. ఆడికి మాత్రం పోవద్దు. కొత్త టర్బో అని సెప్పి పాతది ఏస్తాడంట."

"ఎవరు చెప్పారు?"

"మా తమ్ముడి ఫోనుకొచ్చింది. ఎవురో సైన్స్ అయ్యవారంట, ఫొటోతో సహా పెట్టినాడు. సదువుకున్యోడు, ఊరికే రాస్తాడా?"

ఆ రాసినవాణ్ణి నేనే అన్నాను. నా టీ చల్లారిపోయేదాకా మొదటి నుంచీ చెప్పాను. నిమ్మకాయ, మూట, గొట్టం, చెరుకుతోట, ప్రమాణం, ఒక్కటీ దాచలేదు. ఆయన శ్రద్ధగా అంతా విన్నాడు. గ్లాసు కింద పెట్టి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఆ మేస్త్రి నీకేమన్నా సుట్టమా సార్?"

ఇంత పొడుగ్గా రాయడం అందుకే. ఆ రోజు గ్రూపులో రాసినదానికి ఇది ఇంకా సరిపోలేదు.